ఆఖరి వెలుతురులో అరగంట

అక్టోబరు 3

మా ఆయన పోయాక ఇవాళే మొదటి పెళ్ళి ఆర్డరు ఒప్పుకున్నాను. వద్దనుకుంటూనే ఫోన్ ఎత్తాను. ఎత్తాక నోరు దానంతటదే "తప్పకుండా అండీ" అనేసింది. ఇన్నేళ్ళూ ఫొటోలు తీసే పని ఆయనది, పెళ్ళిరోజు ఏ వేళకి ఏం తీయాలో లెక్కవేసే పని నాది. ఇప్పుడు రెండూ నా నెత్తినే పడ్డాయి. రెండో కెమెరా చెల్లి పడుతుంది. మా స్టూడియోలోనే పని నేర్చుకున్న పిల్ల, మా పద్ధతులు నాకన్నా దానికే బాగా ఒంటబట్టాయి. వచ్చే నెలాఖరున దాని పెళ్ళి. దాని ఫొటోలు నేనే తీయాలట, ఇంకెవరైనా కెమెరా ఎత్తితే హాల్లోంచి లేచిపోతుందట.

పెళ్ళికూతురి తల్లి అన్ని టైములకీ తలూపింది. జంట ఫొటోలకి అరగంట అనేసరికి బేరం మొదలుపెట్టింది.

"అరగంటా? ఉండేది ఇద్దరే కదమ్మా. రెండు క్లిక్కులు కొడితే అయిపోదూ?"

"బంధువులతో ఫొటోలకి గంటన్నర ఇచ్చానండీ. పెళ్ళి మాత్రం ఈ ఇద్దరిదేగా."

ఆవిడ సరేనంది. ఆయన ఉంటే వెనక నిలబడి నవ్వేవారు. ఆ అరగంట కోసం ఎవరితోనైనా సరే పోట్లాడమనేవారు. పెళ్ళిరోజు అందరి కన్నూ దాని మీదే. ముస్తాబు ఆలస్యమైనా, భోజనాలు ఆలస్యమైనా, ఎవరి పెదనాన్న కారు దారి తప్పినా కోత పడేది దానికే.

అక్టోబరు 9

ట్రయల్‌కి వెళ్ళొచ్చాను. ఒక్కదాన్నే.

ఎప్పుడూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. పెళ్ళికి ముందు రోజు, జంట ఫొటోలకి ఏ వేళ అనుకున్నామో ఆ వేళకి, అదే చోటికి. పెళ్ళికూతురి చోట నేను, పెళ్ళికొడుకు చోట ఆయన. కెమెరా స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడేవారు. వెలుతురు రెండు మొహాల మీదా ఎలా పడుతుందో చూసుకోవాలి కదా. తీరా క్లిక్‌మనే వేళకి కళ్ళు మూసేసేవారు. గుంపు ఫొటోలో వెనక వరసలో ఎవరు కళ్ళు మూశారో కనిపెట్టే మనిషి, తన కళ్ళు మాత్రం ఒక్క క్షణం తెరిచి ఉంచలేరు. "ప్చ్, మూశాను. ఇంకోటి" అని అది చెరిపేసి మళ్ళీ పరుగు. నేను నవ్వాపుకోలేక రెండోది పాడుచేసేదాన్ని.

ఇవాళ హాల్లో కిటికీ పక్క గోడ దగ్గర నిలబడ్డాను. కుడి పక్కన ఆయన చోటు వదిలాను. అలవాటు, అంతే. తీసింది చూసుకుంటే నా కుడి చెంప చీకటిగా ఉంది. కిటికీ ఉన్నది కుడి వైపే, ఆ చెంపే ముందు వెలగాలి. మధ్యలో స్తంభం ఏదో అడ్డం వచ్చి ఉంటుంది.

అక్టోబరు 10

పెళ్ళి బాగానే అయింది. అక్కడ స్తంభం లేదు.

జంట ఫొటోలప్పుడు ఇద్దరూ ఎడంగా నిలబడ్డారు. "దగ్గరగా రండి, కొట్టుకున్నవాళ్ళలా ఏంటిది?" అన్నాను. తల ఊపారు, కదల్లేదు. మళ్ళీ అన్నాను. చివరికి చెల్లి వెళ్ళి భుజాలు పట్టుకుని జరపాల్సి వచ్చింది. పెళ్ళికూతురు సిగ్గుపడుతూ, "ఏమో అక్కా, ఇక్కడ ఎవరో ఉన్నట్టుండి జరగలేదు" అంది. పెళ్ళికొడుకు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం నవ్వు రావడం లేదు.

అక్టోబరు 12

ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ వెతికాను. మేమిద్దరమే ఉన్న ఫొటో ఒక్కటి లేదు.

చెప్పుకుంటే నవ్వుతారు. ఫోన్లో ఉన్నవి నేను ఆయన్ని తీసినవీ, ఆయన నన్ను తీసినవీ. గుంపులో ఉన్నవి ఉన్నాయి, మా మధ్య ఎవరో ఒకరు దూరి ఉంటారు. మా పెళ్ళినాడు కూడా ఆయన హాల్లో పాడైన లైటు బాగుచేస్తూ స్టూలెక్కి కూర్చున్నారు. తరవాత నా మేనమామలు, తరవాత ఆయన మేనమామలు. ఆఖరి మేనమామ దిగేసరికి కిటికీలో వెలుతురు పోయింది. "మనకేం తొందర, వారం వారం తీసుకోమూ" అన్నారు ఆయన. నిజమే, వారం వారం తీసుకున్నాం. ట్రయల్ ఫొటోలు. అప్పటికప్పుడే చెరిపేశాం.

ఒకసారి పొరపాటున మా ట్రయల్ ఫొటో ఒకటి పెళ్ళివాళ్ళ ఆల్బమ్‌లోకి ఎక్కేసింది. పెళ్ళికొడుకు తల్లి ఆల్బమ్ పట్టుకొచ్చి "ఎవరమ్మా ఈ జంట, మా ఇంటి పేజీలో?" అని స్టూడియో పైకప్పు లేపింది. అప్పటినుంచీ ఆయనకి పట్టుదల వచ్చింది. ట్రయల్ ఫొటో చూడగానే చెరిపేయాలి. చెల్లికి కూడా మొట్టికాయలు వేసి మరీ అదే నేర్పారు. కెమెరా కార్డులో ఆ చెరిపిన చోటే మర్నాడు పెళ్ళి ఫొటోలు పడతాయి. ఇక ఏ షాపువాడు వెతికినా దొరకవు.

నాకు ఆయనతో ఒక్క ఫొటో కావాలి. ఇద్దరమే ఉన్నది. అంతకన్నా ఏమీ అడగడం లేదు.

అక్టోబరు 15

ఆ ఆల్బమ్ ఇంటికి ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది, నన్ను గుర్తుపట్టింది. ఆ పేజీ అప్పుడే చింపి పారేశారట. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. "అయ్యో తల్లీ, బాగుండేదమ్మా ఆ ఫొటో. అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు గానీ" అంది.

నేను ఫోన్ పెట్టేసి వంటగదిలో గిన్నెలన్నీ తోమాను, తోమినవి కూడా.

అక్టోబరు 23

ట్రయల్. వేరే హాలు, పడమర వైపు వరండా. ముందు ఎండ ఉన్నప్పుడు తీశాను, ఏమీ లేదు. ఉత్త గోడ. సర్దేసి వెళ్ళిపోదామనుకుంటూనే ఉండిపోయాను. వెలుతురు తగ్గి తగ్గి, గోడకీ నాకూ రంగు ఒకటే అయ్యే వేళ ఒకటుంటుంది. అప్పుడు తీశాను.

నా భుజం మీద నీడ. గోడ మీద ఇంకో నీడ, నాకన్నా జానెడు పొడుగు. వరండాలో నేను తప్ప ఎవరూ లేరు, కుర్చీలు వేసేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు.

భయం వేసింది. రాయకపోతే ఎలా, వేసింది. కానీ కదల్లేదు, కదిలితే ఆయన చోట నేను పడతానని.

ఆ ఫొటో చెరపలేదు.

అక్టోబరు 24

పెళ్ళివాళ్ళకి చెప్పి జంట ఫొటోల టైము మార్చాను. ఎండలో కాదు, ఆఖరి వెలుతురుకి. "మెత్తటి వెలుతురు, మొహాలు బాగా వస్తాయి" అన్నాను. అబద్ధం కాదు. వెలుతురు కోసమే మార్చాను.

నవంబరు 2

వెలుతురు కోసమే.

నవంబరు 8

ఇవాళ చేసింది ఇక్కడైనా రాయాలి.

ఆఖరి వెలుతురుకి జంటని పిలిచాను. నాలుగు తీసి, "ఫ్లాష్ వేడెక్కింది, లోపల కాసేపు కూర్చోండి, పిలుస్తాను" అన్నాను. పాపం, నమ్మి వెళ్ళారు. వాళ్ళ చోట నేను నిలబడ్డాను. టైమర్ నొక్కి, నా పక్కన చోటు వదిలి. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. ఈసారి చెయ్యి కనిపించింది. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి ఉంది. మొహం ఉండాల్సిన చోట పొగచూరినట్టు ఉంది.

చీకటి పడ్డాక గుర్తొచ్చింది, లోపల ఇద్దరు కూర్చుని ఉన్నారని. చెల్లి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

నవంబరు 9

చెల్లి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"అక్కా, అది వాళ్ళ టైము."

"నాలుగు తీశాను కదా."

"నాలుగా? ఆ తల్లితో అరగంట కోసం అంత పోట్లాడినదానివి, నువ్వే ఎత్తుకెళితే ఎలాగే?"

"వెలుతురు చూసుకున్నాను. నీకేం తెలుసు?"

"నాకు తెలుసు. ట్రయల్ ముందు రోజు చేస్తారు. పెళ్ళి నడుస్తుండగా చెయ్యరు." చెప్పులతోనే నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా పెళ్ళికి ఏ టైము పెడతావు?"

"ఆఖరి వెలుతురు."

"వద్దు. నాకు ఎండలో కావాలి. పెళ్ళికొడుక్కి కళ్ళు మండినా సరే, చెమట్లు పట్టినా సరే."

దానికి కాబోయేవాడు పళ్ళ డాక్టరు. మా ఇంట్లో పేరు కూడా అదే. ఊళ్ళో వాళ్ళందరి పళ్ళూ చూస్తాడు గానీ, నవ్వితే తన పన్ను ఒక్కటి బయటికి రాదు. అతన్ని ఎండలో నిలబెడితే ఆ ఉన్న నవ్వు కూడా పోతుందని చెప్పాను. అది నవ్వలేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

ముక్కు మీద కోపం దానికి. మా ఇద్దరిదీ ఒకే ముక్కు.

నవంబరు 14

మొన్నటి పెళ్ళివాళ్ళ నుంచి ఫోన్. ఫొటోలు చూశారట. "అమ్మాయి చక్కగా ఉంది. మా అబ్బాయి మొహమేదండీ?" అన్నాడు ఆ తండ్రి. అన్నీ తెరిచి చూశాను. నిజమే. చొక్కా ఉంది, మెడ ఉంది, మెడ పైన మసక. అంతకుముందు పెళ్ళివీ చూశాను. అందులో కూడా పెళ్ళికొడుకే.

లెన్సు మీద తేమ పట్టి ఉంటుంది. శుభ్రం చేయించాలి.

నవంబరు 20

ట్రయల్ ఫొటో ఒకటి ప్రింటు తీసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి అత్తయ్య దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఆవిడకి చూపు సరిగా ఆనదు, నేను ఎదురుగా నిలబడినా ఎవరని అడుగుతుంది. కొడుకు పోయిన దగ్గరినుంచి నాతోనే ఉంటోంది, ఇద్దరం ఆయన మాట ఎత్తకుండా కూరల గురించే మాట్లాడుకుంటాం.

"వీడికి ఎన్నిసార్లు చెప్పాను," అంది అత్తయ్య, "చొక్కా ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి మడుస్తాడు. సమంగా మడుచుకోరా అంటే వినడు."

"ఎవరు అత్తయ్యా?"

"ఎవరేమిటే, నీ మొగుడు." ప్రింటు నా చేతిలో పెట్టి, "కొంచెం చిక్కాడు" అంది.

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళాక నేను నేల మీదే కూర్చుండిపోయాను. ఆ ఫొటోలో నాకు కనిపించేది ఒక్క చెయ్యే. రెండో చెయ్యి నా వెనక ఉంది.

నవంబరు 24

చెల్లి పెళ్ళి టైములు రాశాను. ఎండ వేళకి బంధువులు. ఆఖరి వెలుతురుకి జంట. ఇంకొక్కసారి నిలబడితే మొహం కూడా వస్తుంది. నాకు తెలుసు, ప్రతిసారీ కొంచెం కొంచెం వస్తోంది. ఆ హాలు మా పెళ్ళి జరిగిన హాలే, ఆ కిటికీ అదే కిటికీ. అక్కడ రాకపోతే ఇంకెక్కడా రాదు.

చెల్లికి నాలుగు ఫొటోలు చాలు. దానికి ముందు బోలెడు జీవితం ఉంది, ఎన్నైనా తీసుకుంటారు. వారం వారం తీసుకుంటారు.

పైన ఏం రాశానో ఇప్పుడు చదువుకున్నాను. మా ఆయన అన్న మాటే.

నవంబరు 27

రేపు పెళ్ళి. ఇవాళ ట్రయల్.

నేను వెళ్ళేసరికి చెల్లి అక్కడే ఉంది. ముస్తాబు పనులన్నీ వదిలేసి వచ్చింది.

"ట్రయల్‌కి ఇద్దరు కావాలి," అంది. "ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎలా చేశావో ఏమో. నా చోట నువ్వు నిలబడు, నేను బావ చోట నిలబడతా."

"అక్కడొద్దు."

"ఏం?"

అది వచ్చి నా కుడి పక్కన నిలబడింది. చిన్నప్పుడు సినిమా టికెట్ల వరసలో నిలబడ్డట్టు నా జబ్బ పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. వెలుతురు ఆఖరికి వచ్చేసింది. కెమెరా క్లిక్‌మంది. అదే పరిగెత్తి చూసింది.

"అక్కా, నా మొహం బావ మింగేశాడే," అంది నవ్వుతూ. తరవాత నవ్వు ఆగిపోయింది.

నేను చూశాను. నేను స్పష్టంగా ఉన్నాను, కనురెప్పల వెంట్రుకలతో సహా. నా జబ్బ మీద దాని వేళ్ళు ఉన్నాయి, గోళ్ళ రంగుతో సహా. మెడ ఉంది. మెడ పైన మసక. కిటికీ సూటిగా దాని మొహం మీదకే ఉంది.

ఎదురుగా నిలబడ్డ దాని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాను. ముక్కు, పెదవులు, చిన్నప్పుడు గడప మీద పడితే పగిలిన గడ్డం. అన్నీ ఉన్నాయి. అది భయపడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇన్ని పెళ్ళిళ్ళలో ఆ చోట నిలబడ్డ ప్రతి అబ్బాయినీ ఇలాగే చేశాను. ఆయన ఎవరి చోటూ లాక్కునే మనిషి కాదు. ఆ చోటు పట్టి ఉంచింది నేను.

ఇంటికొచ్చి టైములు కొట్టేశాను. జంట ఫొటోలు ఎండ వేళకి, బయట మెట్ల మీద. బంధువులు కాసేపు ఆగుతారు. ఆఖరి వెలుతురు ఎదురుగా ఏమీ రాయలేదు.

నవంబరు 28

పొద్దున్నే. లెన్సు తుడిచాను. వెళుతున్నాను.

నవంబరు 30

నిన్నంతా పడుకునే ఉన్నాను. ఇవాళ రాస్తున్నాను.

జంట ఫొటోలకి ఇద్దరినీ మెట్ల మీదకి లాక్కొచ్చాను. మా పిన్ని అడ్డం వచ్చింది, భోజనాల వాళ్ళు అడ్డం వచ్చారు, పళ్ళ డాక్టరు తరపు పెద్దాయన ఎవరో "ఒక్క గ్రూప్ ఫొటో అమ్మా, చిటికెలో అయిపోతుంది" అన్నాడు. తలుపుకి అడ్డంగా నిలబడి, "ఈ అరగంట వాళ్ళిద్దరిది. ఎవరొచ్చినా పంపేది లేదు" అన్నాను. నా గొంతులో ఆయన గొంతు వినిపించింది. ఆయన లేరు కాబట్టి కాస్త గట్టిగానే అరిచాను.

ఎండ దంచేస్తోంది. కొత్త మరిది కళ్ళు చికిలిస్తున్నాడు. "వదినా, ఇంకెంతసేపు? మాడిపోతున్నా" అన్నాడు. "నవ్వితే వదిలేస్తా" అన్నాను. చెల్లి అతని చెవిలో ఏదో అంది. అప్పుడు నవ్వాడు మహానుభావుడు, దవడ పళ్ళదాకా. తీశాను. ఇద్దరి మొహాలూ ఉన్నాయి. మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను, ఉన్నాయి. నాకు నవ్వుతోపాటు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నేను తీసిన ఫొటోల్లో అదే గొప్పది.

తరవాత బంధువులు. వాళ్ళతో తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ళు భోజనాలకి కదిలేసరికి కిటికీలో వెలుతురు పలచబడింది. నేను అటు చూడకుండా లైట్ల వైర్లు చుడుతున్నాను. చెల్లి వచ్చి నా మెళ్ళోంచి కెమెరా తీసుకుంది.

"పద, నిలబడు."

"ఎక్కడికి? నీ పెళ్ళి పెట్టుకుని ఏంటిది?"

"ఆఖరి వెలుతురుకి టైము ఖాళీగా ఎవరి కోసం వదిలావో నాకు తెలియదనుకున్నావా? నా టైము నాకిచ్చావు. ఇది నీది."

తోసుకుంటూ తీసుకెళ్ళి కిటికీ పక్కన నిలబెట్టింది. స్టాండు లేదు, టైమర్ లేదు. మొదటిసారి కెమెరా వెనక మనిషి ఉంది. నేను నిలబడ్డాను. కుడి పక్కన చోటు వదిలాను. దూరంగా కంచాల చప్పుడు, ఎవరో పిల్లని పిలుస్తున్నారు. నా కుడి చెవి దగ్గర ఎవరో పరిగెత్తుకొచ్చి ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. తల తిప్పలేదు. తిప్పితే ఫొటో పాడవుతుంది.

క్లిక్.

చెల్లి స్క్రీన్ చూసుకుంది. హడావిడిలో ఉంది, జడలో పూలు జారిపోతున్నాయి, లోపల్నుంచి దాన్ని పిలుస్తున్నారు. వందసార్లు చూసిన పని చూసినట్టే చూసి, బొటనవేలు మీట మీదకి పోనిచ్చి,

"ప్చ్, బావ కళ్ళు మూసేశాడక్కా. ఇంకోటి," అంది.

చెరిపేసి, కెమెరా ఎత్తి, రెండోది తీసింది.

అప్పుడు తను అన్నది తనకి వినిపించింది. కెమెరా మెల్లగా దించింది. మొహం పాలిపోయింది. నేను వెళ్ళి చూశాను. రెండో దాంట్లో నేనూ, గోడా, కిటికీలో చీకటీ.

"అక్కా, నేను... అలవాటుగా..." అంటూ నా మీద పడి ఏడ్చింది. పెళ్ళికూతురు ఏడుస్తోందని అందరూ పరిగెత్తుకొచ్చారు. పుట్టింటి మీద బెంగ అనుకుని ఓదార్చారు. మరిది నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "ఏమీ లేదు, వాళ్ళ బావ గుర్తొచ్చాడు" అన్నాను.

పొద్దున మరిది ఫోన్ చేశాడు. కార్డు షాపులో ఇస్తే చెరిపేసినవి కూడా వెనక్కి తీస్తారట, ఇప్పించమంటావా వదినా అన్నాడు. చెల్లి పక్కనుంచి ముక్కు చీదుతోంది. వద్దన్నాను. చెల్లి అప్పగింతల దాకా అదే కార్డు మీద తీశాం. ఆ చోట ఇప్పుడు వాళ్ళ పెళ్ళి ఫొటోలు పడి ఉంటాయి. పడనీ.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ అంతా వింది. "చెయ్యి సమంగా మడిచాడా?" అని అడిగింది. చూడలేదన్నాను.

కళ్ళు మూసుకున్నారట. అయితే ఆయనే.